‘కిడ్ ఏ’ – మా యింటి తగవు

2000వ సంవత్సరము అక్టోబరులో ఇంగ్లండు దేశపు రేడియోహెడ్ బృందము ‘కిడ్ ఏ’ యను ఆల్బమును వెలువరించినది. కొన్నాళ్లకు దాని కేసెట్టు కోయంబత్తూరులోని మా యింటికి వచ్చెను. పెద్దన్నగారు, తమ్ముడు, మేము ఒకచోట కూర్చుండి వింటిమి. మూడవ పాట ముగియక మునుపే పెద్దన్నగారు లేచి వెళ్లిపోయిరి.

ఆయన కోపమునకు కారణము లేకపోలేదు. ఆ బృందమును మాకు పరిచయము చేసినవారే ఆయన. 1997 నాటి ‘ఓకే కంప్యూటర్’లోని గిటారు స్వరములను వ్రేళ్లు కాయలు కాయునట్లు సాధన చేసి పట్టుకొన్నవారు. గిటారు వాయించువారు మువ్వురున్న బృందమది. అట్టివారి క్రొత్త ఆల్బములో మొదట వినవచ్చినది గిటారు కాదు, కీబోర్డు. రెండవ పాటలో టామ్ యార్క్ కంఠము మనుష్యకంఠమని గుర్తింపరానంతగా మార్చబడినది. మూడవదానిలో ఊదువాద్యములు ఒకదానిపై నొకటి పడి సంతలోని కలహమువలె ఘోషించును. జానీ గ్రీన్‌వుడ్ 1928లో మారిస్ మార్తెనో ఫ్రాన్సున ప్రదర్శించిన ‘ఓండ్ మార్తెనో’ యను విద్యుద్వాద్యమును చేపట్టెను. ‘ఇడియొటెక్’ అను పాటకైతే, పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటరుపై కూర్చిన రచనలోని చిన్న ముక్కయే ఆధారము.

“ఇది రాక్ సంగీతమేనా? గిటారు రానివాళ్లు చేసినట్టుంది” అని పెద్దన్నగారి తీర్పు.

“వచ్చినవాళ్లే వద్దనుకున్నారన్నా, అదే గొప్ప” అని తమ్ముడు.

ఈ తగవు మా యింటికే పరిమితము కాదు. లండనులో ‘మెలోడీ మేకర్’ పత్రికయందు మార్క్ బోమాంట్ దీనికి ఐదింట ఒకటిన్నర మార్కు వేసెను. అమెరికాలో ‘పిచ్‌ఫోర్క్’ పదికి పది యిచ్చెను. నవలాకారుడు నిక్ హార్న్‌బీ ‘న్యూయార్కరు’లో, ఇట్టి ఆల్బము కోరు ఓర్పు ఉద్యోగములు చేసికొనువారికి ఎక్కడిదను భావము వెలిబుచ్చెను. మా మట్టుకు అందు సగము నిజము. పని ముగించి వచ్చి, నిద్రకు బరువెక్కిన కన్నులతో నెలదినములు వినినగాని నాలుగవ పాట మాకు పట్టుబడలేదు. పట్టుబడిన పిమ్మట విడువలేదు.

దీనినుండి ఒక్క పాటనైనను సింగిల్‌గా విడుదల చేయలేదు. అయినను బ్రిటనులోను అమెరికాలోను ప్రథమస్థానము నందినది. 2009లో ‘రోలింగ్ స్టోన్’ దీనిని ఆ దశాబ్దపు ఉత్తమ ఆల్బముగ ఎన్నుకొన్నది. ఆ మరుసటి యేడు బోమాంట్ ‘గార్డియను’లో తన పాత యభిప్రాయమునే మరల వ్రాసెను. ఆయనతో మేము ఏకీభవింపము గాని, ఆ పట్టుదలపై గౌరవము కలిగినది.

మా అవ్వ తీర్పు వేరు. చివరి పాట మ్రోగుచుండగా వంటయింటినుండి వచ్చి, “ఇది కాళ్ల హార్మోనియం కదరా!” అనెను. నెల్లూరిలో పద్యనాటకములు చూచి పెరిగిన చెవి అది. నిజమే, ఆ పాటకు కాళ్లతో త్రొక్కు హార్మోనియమే ఆధారము. పిమ్మట “పాడే పిల్లోడికి జ్వరమా?” అని కూడ అడిగెను.

ఒకనాడు వాదము ముదిరి పెద్దన్నగారు, “తన మాట తాను విడిచినోడు ఇంక వాడెట్లవుతాడు?” అనిరి. మేము తొందరపడి విజయవాడ పెండ్లిని జ్ఞాపకము చేసితిమి. అచ్చట ఒక పెద్దమనిషి అన్నగారి పలుకు విని, “ఇదేం తెలుగండీ, సగం అరవం” అని నవ్వియుండెను. తాతముత్తాతలనాటినుండి ఇంట నిలుపుకొన్న పలుకది. అన్నగారు ఆ రాత్రి భోజనము చేయలేదు. ఆ గాయమును ఆల్బము తగవులోనికి లాగుట మా తప్పు. ఆయన “అదీ ఇదీ ఒకటా?” అని మాత్రమని, వారము దినములు మాతో మాటాడలేదు.

ఒకటి కాదు. మన పలుకును మనము విడువలేదు, ఊరు దానిలో కలిసినది. వారు తమ గిటారును తామై ప్రక్కకు నెట్టిరి. ఈ భేదము అన్నగారి పక్షమునకే బలము. అప్పుడు మాకు తోచలేదు.

ఆఱవ పాట ‘ఆప్టిమిస్టిక్’లో గిటారు మరల బలముగ వినవచ్చును. ఆ వారము గడచిన పిమ్మట అన్నగారు కేసెట్టును అచ్చటికి త్రిప్పి, ఆ యొక్క పాటను విని లేచిరి. నేటికిని మా యింటికి వచ్చినపుడు ఆయన వినునది అదొక్కటే. తమ్ముడు కావలెనని తరువాతి పాటను ఆపక సాగనిచ్చును. అన్నగారు లేచి వెళ్లుదురు. ఈ మధ్య తలుపు వఱకు మిక్కిలి మెల్లగా నడచుచున్నారు. మోకాళ్ల నొప్పులని చెప్పుచున్నారు.