పెద్దమ్మ కూలి లెక్క

నా పిహెచ్.డి. నాటు పాటల మీద. నాలుగేళ్లపాటు నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింది పల్లెల్లో రికార్డరు పట్టుకుని తిరిగాను. మొదటి పాట పాడింది మా పెద్దమ్మే. బురదలో నడుం వంచి నారు నాటుతూ ఆమె పాడుతుంటే గట్టు మీద కూర్చుని రాసుకున్నాను. ఆ గట్టుకీ ఆ బురదకీ మధ్య ఉన్న దూరం గురించి నా సిద్ధాంత గ్రంథంలో ఒక్క వాక్యం కూడా లేదు.

పోయిన వానాకాలం ఊరికెళ్తే వరి పొలం మీద డ్రోన్ ఎగురుతోంది. పది లీటర్ల ట్యాంకుతో కలుపు మందు చల్లుతూ పది నిమిషాల్లోపే ఎకరం చుట్టేసింది. నడుపుతున్నది పక్క ఊరి మహిళా సంఘంలోని అమ్మాయి. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'నమో డ్రోన్ దీదీ' పథకం లక్ష్యం దేశంలో 15,000 సంఘాలకు డ్రోన్లు ఇవ్వడం. ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సబ్సిడీ. నడిపే సభ్యురాలికి 15 రోజుల శిక్షణ.

ఆ అమ్మాయి చేతిలో రిమోట్ చూసి నిజంగానే సంతోషించాను. మా ఊళ్లో ట్రాక్టరొచ్చినా, కోత మిషనొచ్చినా స్టీరింగు మగవాళ్లకే దక్కింది. పైగా 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం సోకి రైతులూ కూలీలూ చనిపోయారు. వీపు మీద ట్యాంకు మోయకుండా మందు కొట్టగలగడం చిన్న విషయం కాదు.

ఇంటికెళ్లి, "పాటలు పోతున్నాయి పెద్దమ్మా" అని బాధపడ్డాను. ఆమె నవ్వింది.

"నీ పాట కోసం నా నడుం ఎన్నేండ్లు వంగాలె బిడ్డా? నొప్పి పోతే మంచిదే. నొప్పితోటి కూలి గూడ పాయె గదా. నాటు మిషిన్‌ది, కలుపు ఆ తుమ్మెదది. మరి నాదేంది?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎం.ఏ.లో చదివిన నాటకం గుర్తొచ్చింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.'. 'రోబో' అన్న మాట ప్రపంచానికి అందింది అక్కణ్ణుంచే. చెక్ భాషలో 'రోబోటా' అంటే భూస్వామికి రైతు చేసే నిర్బంధ చాకిరీ. మన దగ్గర దానికి మాట వెతుక్కోనక్కర్లేదు: వెట్టి. ఆడ రోబోలను ఎందుకు చేస్తున్నారని ఆ నాటకంలో హెలెనా అడుగుతుంది. అలాంటి పనుల్లో ఆడవాళ్లను చూడడం జనానికి అలవాటు, గిరాకీ ఉంది అని జవాబొస్తుంది. యంత్రాన్ని ఊహించేటప్పుడు కూడా పితృస్వామ్యం తన శ్రమ విభజనను వెంట తెచ్చుకుంటుందన్నమాట!

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో అయిదోది స్త్రీ పురుష సమానత్వం, ఎనిమిదోది గౌరవప్రదమైన పని. డ్రోన్ నడిపే అమ్మాయి అయిదో లక్ష్యం ఖాతాలోకి వెళ్తుంది. మరి పెద్దమ్మ పోగొట్టుకున్న పనిదినాలను ఏ ఖాతాలో రాస్తారు? ఒక స్త్రీ చేతికి రిమోట్ వచ్చిన పొలంలోనే పదిమంది స్త్రీల చేతులు ఖాళీ అయితే దాన్ని సాధికారత అని ఎలా సరిపెట్టుకుంటాం?

యంత్రం వద్దనడం లేదు. ఆ మాట అనే హక్కు గట్టు మీద కూర్చున్న నాకు లేదు. డ్రోన్ తెచ్చే కిరాయిలో, అది మిగిల్చే ఖర్చులో సెంటు భూమి లేని కలుపు కూలీకి వాటా ఏదని అడుగుతున్నాను. సబ్సిడీ ఇచ్చేటప్పుడే ఆ షరతు ఎందుకు పెట్టకూడదు?

నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేయమని మిత్రులు అడుగుతున్నారు. వేస్తాను. కాకపోతే పాటలకు ముందు పెద్దమ్మ కూలి లెక్క ఉంటుంది. ఏ ఏడు ఎన్ని రోజుల పని దొరికిందో, ఎంత చేతికొచ్చిందో ఆమెకు ఇంకా గుర్తుంది. అది రాసుకోవడానికే ఈ యాసంగికి ఊరెళ్తున్నాను.