రిపేరికి వచ్చినోడు దొంగతనం చేస్తే ఇంటి ఓనరు కట్టాల్నా?

మనలో శానామంది పిల్లోళ్ల చదువుల కోసం మదనపల్లెలో ఇల్లు బాడిగకు తీసుకున్నోళ్లే. నా మాదిరి చిన్న ఇల్లు కట్టి బాడిగకు ఇచ్చినోళ్లూ కొందరు ఉండారు. కాబట్టి ఈ సంగతి రెండు పక్కలా తెలిసుండాల.

మా ఇంట్లో కుప్పం పక్కనుంచి వచ్చిన కుటుంబం ఉండాది. పోయిన ఎండాకాలం కొళాయి కారతా ఉంటే ప్లంబరును పంపించినా. రెండు దినాలకు ఆ ఇంటామె కమ్మలు కనపడలేదు. "మనిషిని పంపింది నువ్వే కదన్నా, బాడిగలో పట్టుకుంటాం" అనిరి. పాలు పోసి కూడబెట్టిన కమ్మలు, కడుపుమంట ఉండదా? తెలిసిన వకీలును పోయి అడిగినా.

ఆయన చెప్పింది ఇది. దొంగతనం నేరం చేసినోడిదే. ప్లంబరు మన జీతగాడు కాదు, నాలుగిండ్లలో పని చేసుకునే మనిషి. అట్లాంటోడు చేసిన దొంగతనానికి పిలిచినోడు మామూలుగా బాధ్యుడు కాడు. నెల జీతగాడైనా, అప్పజెప్పిన పనిలో భాగంగా జరిగిందా అని కోర్టు చూస్తుంది. అలహాబాదులో శ్యామాదేవి అనే ఆమె ఖాతాలో వేయమని ఆమె మొగుడు బ్యాంకు గుమాస్తాను తెలిసినోడని నమ్మి డబ్బు చేతికిచ్చినాడు, అతను మింగేసినాడు. బ్యాంకు పనిలో భాగంగా తీసుకోలేదు కాబట్టి బ్యాంకు కట్టనక్కర్లేదని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది.

అట్లని ఓనరు చేతులు దులుపుకొనేదానికి లేదు. చేతివాటం ఉందని తెలిసీ పంపినా, ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పకుండా బీగం తీసిచ్చినా అది ఓనరు అజాగ్రత్త. నష్టం అడగొచ్చు.

మన బోరు మోటరు సంగతి వేరే. పుంగనూరులో రీవైండింగు అంగడికి మోటరు అప్పజెప్తే, 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం తన సొత్తు మాదిరి జాగ్రత్తగా చూసుకోవాల్సింది అంగడాయనే. పనోడు రాగితీగ అమ్ముకున్నాడంటే జవాబు ఆయనే చెప్పాల. అందుకే చీటీ రాయించుకోండి.

నేను కమ్మల డబ్బు ఇయ్యలేదు. వాళ్లతో కూడా స్టేషనుకు పోయి, ప్లంబరు ఎప్పుడొచ్చిందీ ఎప్పుడు పోయిందీ చెప్పి కంప్లయింటు రాయించినా. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఇంట్లో దొంగతనం 305వ సెక్షను, ఏడేండ్ల దాకా జైలు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఊరకే ఇస్తారు, అడిగి తీసుకోండి. ఒక నెల బాడిగ మాత్రం వదిలేసినా. అది చట్టం కాదు, మనిషితనం.

కమ్మలు ఇంకా దొరకలేదు. ప్లంబరే తీసినాడని రుజువూ లేదు, అందుకే ఆయప్ప పేరు నేను ఎక్కడా ఎత్తను. పనోడు వచ్చినప్పుడు ఇంట్లో ఒకరు పక్కనే ఉండండి, బంగారం బీరువాలో పెట్టండి. మీ ఊర్లో ఇట్లాంటిది జరిగుంటే ఎట్లా తేల్చుకున్నారో కింద రాయండి.