తావు మరవని జింక



ముందే ఒక మాట. మేము అన్నదమ్ములం ఇద్దరం. ఒకరం రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాం, ఒకరం గని మూసేదాకా గనిలో చేశాం. రాసే చెయ్యి ఒకటే అయినా మాట ఇద్దరిదీ, అందుకే మేము అంటున్నాం. ఇద్దరం చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు కుప్పం స్టేషన్ బోర్డు దగ్గర మొదలుపెట్టి కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఈ కార్తీకంలో వనభోజనాలు జింకలు తిరిగే బయలులో పెట్టుకుందామని, మైకు సెట్టు కూడా కట్టిద్దామని గ్రూపులో అనుకుంటున్నారు. పిల్లలు జింకల్ని చూస్తారు, మంచిదే కదా అన్నారు చాలామంది. మాకు మాత్రం మనసొప్పలేదు. ఎందుకో చెప్పాలంటే 1970 ఎండాకాలం దగ్గరికి పోవాలి.

మా అమ్మ పుట్టిల్లు కామసముద్రం అవతల ఒక చిన్న పల్లె. బడి సెలవులిస్తే మమ్మల్ని అక్కడ వదిలేవాళ్లు. తాత విల్లు పట్టే మనిషి. వెదురు విల్లు, కిత్తనార అల్లెతాడు, కమ్మరి కొట్టిన ఇనుప ములికి. బడిలో తమిళ వాచకంలో కణ్ణప్ప నాయనార్ అని చదివాం, రాత్రిపూట తాత నోట కాళహస్తి తిన్నడి కథ విన్నాం. ఇద్దరూ ఒకడే అని తెలియడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. మాకు మాత్రం తిన్నడంటే తాతే.

తాత వేటాడింది కృష్ణజింకను. కొమ్ములు ఏటేటా రాల్చదు కాబట్టి అది దుప్పి జాతి కాదని తరవాత చదువుకున్నాం. మన నోటికి మాత్రం జింకే. మగదాన్ని తాత ఇర్రి అనేవాడు. అది వీపు నల్లగా, కడుపు తెల్లగా, కొమ్ములు మెలి తిరిగి ఉంటుంది. ఆడది గోధుమ రంగు. పరిగెత్తితే దాన్ని అందుకునే కుక్క మన ఊళ్లలో లేదు. అందుకే విల్లుతో కొట్టాలంటే అదే దగ్గరికి రావాలి. ముప్పై అడుగుల లోపలికి వస్తేనే తాత బాణం వదిలేవాడు.

పల్లెకు పడమటగా బయలులో ఒక కుంట ఉండేది. గట్టు మీద తంగేడు పొద, దాని వెనక మాటు. కూర్చునే ముందు తాత చిటికెడు మన్ను పైనుంచి వదిలి గాలి ఎటుందో చూసేవాడు. గాలి మన దిక్కునుంచి కుంట మీదికి పోతుంటే ఆ రోజు తిరిగి ఇంటికే. కూర్చున్న తావులో పదైదు దినాల దాకా మళ్లీ కూర్చునేవాడు కాదు. పోయిన దారిన తిరిగొచ్చేవాడూ కాదు.

ఆ ఏడు మా చిన్నమామ ఈ లెక్కలేవీ పెట్టుకోలేదు. చేను ఎండింది, చేతిలో డబ్బు లేదు, మాంసం గని లైన్లలో అమ్ముకోవచ్చని ఆశ. "నీళ్లు ఈ కుంటలోనే ఉండాయి నాయనా, యాడికి పోతాయి?" అన్నాడు. మొదటి రాత్రి ఒకటి పడింది. రెండో రాత్రి ఇంకొకటి. మూడో రాత్రినుంచి లెక్క మారింది. పొద్దుగూకే వేళకు వచ్చే మంద బాగా చీకటి పడ్డాక రాసాగింది. తరవాత దూరంలోనే నిలబడిపోయింది. ముందు ఒక ముసలి ఆడజింక మెడ చాపి పొద దిక్కే చూసేది. అది ఒక్క ఎగురు ఎగిరితే మంద అంతా ఎగిరి పోయేది. మామ మాటు మార్చి అవతలి గట్టున కూర్చున్నాడు. అయినా రాలేదు.

పొద్దున తాత మమ్మల్ని తీసుకుపోయి అడుగులు చూపించాడు. మూడు దిక్కులనుంచి గిట్టల గుర్తులు కుంట దాకా వస్తున్నాయి. ఇంకో యాభై అడుగులుంటే నీళ్లు అనగా అన్నీ ఆగి, వెనక్కి తిరిగి ఉన్నాయి. గీత గీసినట్టు. "మనిషిని మర్చిపోతాయి రా అబ్బోళ్లారా, తావును మర్చిపోవు" అన్నాడు.

ఆఖరి రాత్రి మామ మమ్మల్ని కూడా మాటులో కూర్చోబెట్టుకున్నాడు. వెన్నెల. చాలాసేపటికి ఒకే ఒక ఆడజింక గీత దాటి వచ్చింది. దప్పికకు ఆగలేక వచ్చిందని మాకే తెలిసిపోయింది. మూతి నీళ్లకు ఆనించింది. మామ అల్లెతాడు చెవిదాకా లాగాడు. అప్పుడు మాలో ఒకరికి గొంతులో గరగర. మింగుకున్నాం, ఆగలేదు. దగ్గు, బాణం ఒకేసారి బయటికొచ్చాయి. జింక పక్కకు దూకింది, బాణం తొడలో దిగింది. బాణంతోనే పోయింది.

తెల్లవారి నలుగురం నెత్తురు చుక్కల వెంట నడిచాం. మధ్యాహ్నం దాకా దొరికాయి. బండల మీదికి ఎక్కినాక చుక్కలు లేవు. తాత ఆ బండ మీదే కూర్చుండిపోయాడు. "తిన్న జింక లెక్క వేరే, తినకుండా చంపింది లెక్క వేరే" అని మామతో అన్నాడు. దగ్గింది ఎవరని మమ్మల్ని అడగలేదు. ఈ రోజుకీ మేము ఎవరికీ చెప్పలేదు.

ఆ తరవాత మంద కుంటకు రాలేదు. మూడు మైళ్ల అవతల చెరువు గుంటకు పోతున్నాయని గొర్రెలోళ్లు చెప్పారు. మరుసటేడు వానలు బాగా పడి కుంట నిండింది. మాటు కట్టినోళ్లు లేరు, తంగేడు పొద కూడా కొట్టేశారు. అయినా అడుగులు ఆ యాభై అడుగుల గీత దగ్గరే ఆగేవి. వాటిలో చిన్న చిన్న గిట్టలూ ఉన్నాయి. తాత వేలు పెట్టి చూపించాడు: "ఈ పిల్లకు బాణం తెలుసునా? తెలీదు. అమ్మ నిలబడిన తావు తెలుసు."

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది, కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టారు. అంటే వేటాడితే జైలు. తాత విల్లు అంతకు ముందే అటకెక్కింది. తరవాత కోలారు బయళ్లనిండా నీలగిరి తోపులు లేచాయి. జింకకు కావలసింది గడ్డి, దూరందాకా కనబడే చదును నేల. తోపులో దాని కన్ను పనిచేయదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడం ఆపింది గానీ, అప్పటికే చాలా బయలు పోయింది.

మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తరవాతి కథ మీకు చెప్పనక్కర లేదు. చీకటితోనే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోవడం, రాత్రికి రావడం. మనుషులకు కష్టమైంది. కానీ సైరన్ ఆగింది, మిల్లు మోత ఆగింది, ఊరి చుట్టూ ఖాళీ నేల మిగిలింది. అక్కడ గడ్డి మొలిచింది. ఎవరూ పిలవకుండానే జింకలొచ్చాయి. మేము రైలు కిటికీలోంచి మొదటిసారి చూసిన దినం పక్కవాళ్లకు కూడా చెప్పలేదు. చెబితే ఎక్కడ పోతాయో అని భయం.

ఇప్పుడు చెబుతున్నాం. మన చేతిలో విల్లు లేదు, నిజమే. కానీ జింకకు మైకుకూ బాణానికీ తేడా తెలియదు. రెండు వందల మంది దిగి, పాటలు పెట్టి, పిల్లలు ఫోన్లతో వెంటపడితే అదీ ఒక మాటే. ఇంకో సంగతి, ఇది ఎక్కువ ముఖ్యం. మనం పారేసిన విస్తళ్లకు వీధికుక్కలు వస్తాయి. మనం సాయంత్రానికి ఇంటికొస్తాం, కుక్కలు అక్కడే మరుగుతాయి. పరిగెత్తే జింకను కుక్క అందుకోలేదు, గడ్డిలో పడుకున్న పిల్లను అందుకుంటుంది. అప్పుడు ఆ మంద మన బయలు చుట్టూ కూడా ఒక గీత గీసుకుంటుంది. ఈసారి పోవడానికి వాటికి ఇంకో బయలు ఎక్కడుంది?

అందుకే మా మనవి. వనభోజనాలు మానొద్దు, తావు మార్చండి. బేతమంగళం దిక్కున ఒక మామిడి తోట వాళ్లతో మాట్లాడాం. ఉసిరి చెట్టు ఉంది, బోరు నీళ్లున్నాయి, బాడుగ వద్దన్నారు. గాడిపొయ్యి మేమిద్దరం నిలబడి తవ్విస్తాం. మైకు అక్కడ ఎంత గట్టిగా పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. పిల్లలకు జింకలు చూపించాలంటే అయిదారుగురిని మాత్రం ఒక ఆదివారం తెల్లవారుజామున మాతో పంపండి. రోడ్డు మీదనుంచే చూపిస్తాం.

పోయిన నెల మేమిద్దరం ఆ పల్లెకు పోయి కుంట చూసొచ్చాం. సగం పూడిపోయింది. గట్టు మీద బురదలో గొర్రెల గిట్టలున్నాయి, కుక్క అడుగులున్నాయి. జింకవి ఉన్నాయేమోనని చాలాసేపు వెతికాం. లేవు.

వచ్చే ఆదివారం సభలో మీ మాట చెప్పండి.