కరిగిపోయిన గడ్డ ఎక్కడుండేది?

నేను రేడియేషన్ డాక్టర్ని. హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) రోగి నా దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు గడ్డ ఉండదు. మెడ తడిమితే ఏమీ తగలదు, కీమోకే కరిగిపోయి ఉంటుంది. ‘‘ఇంకేం లేదు కదా సార్, మళ్లీ కరెంటు ఎందుకు?’’ అని అడుగుతారు. రేడియేషన్‌ని మన జనం కరెంటు పెట్టడం అనే అంటారు. న్యాయమైన ప్రశ్నే. గడ్డ పోయినా, అది ఉన్నచోట స్కాన్‌కి కూడా అందని కణాలు కొన్ని మిగిలి ఉండొచ్చు. రేడియేషన్ వాటి కోసం. మరి ఆ చోటేదో నాకెలా తెలుస్తుంది? కీమోకి ముందు తీసిన పెట్-సీటీ చెప్పాలి.

ఆ స్కాన్‌లో, రేడియోధార్మికత ఉన్న చక్కెరలాంటి మందు నరానికి ఎక్కించి గంటసేపు పడుకోబెడతారు. క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా లాక్కుని తెరమీద వెలుగుతాయి. వెలిగిందల్లా క్యాన్సరని నమ్మకూడదు. టీబీతో వాచిన గ్రంథులూ అలాగే వెలుగుతాయి. చలికి వణికితే మెడలోని ఒక రకం కొవ్వు కూడా వెలుగుతుంది. అందుకే ఏసీ గదిలో చలేస్తే మొహమాటపడకుండా దుప్పటి అడగమంటాను.

ఆ పాత స్కాన్‌ని, ఇప్పుడు రేడియేషన్ కోసం, తల కదలకుండా మాస్క్ వేసి తీసిన సీటీ మీద కంప్యూటర్లో పరుస్తాం. వెన్నుపూస మీద వెన్నుపూస, దవడ మీద దవడ కూర్చోవాలి. అప్పుడు చేతులు పైకెత్తి, ఇప్పుడు పక్కన పెట్టుకుని పడుకుంటే భుజం దగ్గరి గ్రంథుల చోటే మారిపోతుంది. ఛాతీలో ఇంకో చిక్కు. పెద్ద గడ్డ అప్పట్లో ఊపిరితిత్తిని పక్కకి నెట్టి ఉంటుంది. గడ్డ తగ్గాక ఊపిరితిత్తి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. పాత హద్దుని ఉన్నదున్నట్టు దించేస్తే బాగున్న ఊపిరితిత్తికి దెబ్బ. కాబట్టి ఒక్కో స్లైసు చూసుకుంటూ చేత్తో సరిదిద్దాలి. ఒక్కోసారి సాయంత్రమంతా దీనికే పోతుంది. పోనీ, నాకు విసుగు లేదు.

హద్దు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్ హెన్రీ కాప్లాన్ బృందం దవడ కింది నుంచి డయాఫ్రమ్ దాకా 40 గ్రేలకు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) పైగా ఇచ్చేది. చావు తప్పదనుకున్న ఎందరో బతికారు. పదిహేను, ఇరవై ఏళ్లకి వాళ్లలో కొందరికి రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు వచ్చాయి. ఇప్పుడు తొలిదశలో కీమో తర్వాత 20 నుంచి 30 గ్రేలు, అదీ గడ్డ ఉన్నచోటికే.

డిగ్రీ చదివే ఒకమ్మాయి వచ్చింది. మొదటి స్కాన్ వేరేచోట తీశారు. వాళ్ల నాన్న రిపోర్టుని లామినేషన్ చేయించి తెచ్చాడు. ‘‘సీడీతో మాకేం పని అనుకున్నాం సార్, కాయితం మాత్రం భద్రంగా దాచాం’’ అన్నాడు. ఆ సెంటర్లో అడిగితే స్కాన్ బొమ్మలు చెరిపేశామన్నారు. కాయితంలో ‘ఎడమ మెడ, ఛాతీ మధ్య’ అని ఉంది. ఎంత మేరో ఎలా గీయను? హద్దు పెంచక తప్పలేదు. ఊపిరి బిగబట్టించి గుండెని కొంత కిందికి దింపగలిగాను కానీ, రొమ్ముకి పడాల్సినదానికన్నా ఎక్కువే పడింది. ఇరవై ఏళ్ల పిల్లకి ఆ లెక్క ముందుముందు ఎలా తేలుతుందోనన్న బెంగ నాకు పోలేదు.

బయాప్సీలో లింఫోమా అని తేలితే, మొదటి కీమో ఎక్కకముందే రేడియేషన్ డాక్టర్‌ని ఒక్కసారి కలవండి. పెట్-సీటీ సీడీ అడిగి తీసుకుని, ఇంకో కాపీ చేయించి ఇంట్లో దాచండి.