బెండకాయ ఆగదు

మా వైపు ఎవరినైనా "ఈ ఏడు ఏమేశారు?" అని అడగండి. మిరప అంటారు, లేదంటే పత్తి అంటారు. అదే రైతుకు గట్టు పక్కన నలభై సెంట్లలో బెండ, వంగ, బీర, గోంగూర ఉన్నా వాటి ఊసెత్తరు. "ఏదో ఆడాళ్ళు చూసుకుంటున్నార్లే" అనేస్తారు. నా రోజంతా గడిచేది ఆ నలభై సెంట్లలోనే కాబట్టి దాని సంగతి నేనే చెప్పాలి.

మిరపకాయకు ఓపికుంది. కోశాక కల్లంలో ఎండుతుంది, టిక్కీ బస్తాల్లోకి ఎక్కుతుంది, గుంటూరు యార్డులో ధర నచ్చకపోతే కోల్డ్ స్టోరేజీకి పోయి ఏసీ కాయ అనిపించుకుని నెలల తరబడి ఉంటుంది. పత్తినీ వసారాలో కుప్పపోసి రేటు కోసం చూడొచ్చు. బెండకాయ అలా కాదు. పువ్వు విచ్చిన ఐదారు రోజులకే కోతకొస్తుంది. రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఇంట్లో పెళ్ళున్నా, ఒళ్ళు వెచ్చబడినా కోత కోతే. "రేపు కోద్దాంలే అనుకుంటే ఎల్లుండికి గేదె తింటదమ్మాయ్" అంటుంది మా అత్త.

తెలతెలవారుతుండగా సాళ్ళలోకి దిగుతాం. బెండ నూగు తగిలితే మోచేతుల దాకా దురద, అందుకని పాత ఫుల్‌చేతుల చొక్కాలు తొడుక్కుంటాం. ఒక చేత్తో చెట్టు పట్టుకుని రెండో చేత్తో తొడిమ దగ్గర విరవాలి. గుంజితే బెరడు చీలిపోతుంది. ఆకు చాటున ఒక్క కాయ కంటపడకుండా పోయిందా, తర్వాతి కోతకు జానెడు పొడుగై పీచు పట్టిపోతుంది. అంతటితో అయిపోదు, చెట్టు సత్తువంతా దాని గింజలకే పోయి కొత్త పూత తగ్గుతుంది. అమ్మకానికి పనికిరాదని తెలిసినా ముదురుకాయను కోసి పారెయ్యాల్సిందే. వానాకాలమైతే ఇదంతా నల్లరేగడి బురదలో జరగాలి. వేసవిలో అదే నేల నెర్రెలిచ్చి, బోరు నీళ్ళు మొక్కకంటే ముందు తనే తాగేస్తుంది.

కోత అవగానే గంపలు ఆటో ఎక్కాలి. దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని 1999 జనవరి 26న రాష్ట్రంలో రైతు బజార్లు మొదలుపెట్టారు. మాలాంటి వాళ్ళకు అవి నిజంగా ఆసరా. బోర్డు మీద ఆ రోజు ధర రాసి ఉంటుంది, కాటా మన ముందే ఉంటుంది. వచ్చేది చిన్న నోట్లూ చిల్లరా. మిరపలో కలుపు తీసిన కూలోళ్ళకు సాయంత్రం ఇచ్చేది ఆ డబ్బే. మిరప ఖర్చులు రాసే పుస్తకంలో కూలి పద్దు ఉంటుంది గానీ, ఆ కూలి డబ్బు బెండ సాళ్ళ నుంచి వచ్చిందని ఎక్కడా ఉండదు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

పెద్ద పంటలకూ మా మడికీ చుట్టరికం కూడా ఉంది. పత్తి, బెండ, గోంగూర మూడూ మందార కుటుంబానివే. మిరప, వంగ, టమాటా ఒక కుటుంబం. చుట్టరికంతో పాటు చీడా వస్తుంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తుడిచిపెట్టి రైతుల ప్రాణాల మీదికి తెచ్చిన తెల్లదోమ, బెండకు పల్లాకు తెగులునూ అంటిస్తుంది. 2021లో మిరప పూతలో నల్ల తామర పురుగు చేరి తోటలకు తోటలే పీకేయించింది. ఆ ఏడు మిరప రూపాయి ఇవ్వకపోయినా బీర పందిరి ఇల్లు నడిపిన కుటుంబాలు నాకు తెలుసు.

ఇక మందుల సంగతి. కొట్టాక ఇన్ని రోజులు కోయొద్దని డబ్బా మీదే రాసుంటుంది. రోజు విడిచి రోజు కోసే పంటకు ఆ గడువెలా కుదురుతుంది? కొందరు ఇంటికోసం నాలుగు సాళ్ళు విడిగా వదిలి, అమ్మే సాళ్ళకు కొట్టి మర్నాడే కోసేస్తారు. నా పిల్లలు తినని కాయ ఇంకొకరి పిల్లలకు ఎలా తూచను? మేం వేపకషాయం కొడతాం, పసుపు జిగురు అట్టలు కడతాం. వంగలో రోజూ వాలిపోయిన కొమ్మ చివళ్ళు వెతికి తుంచుతాం. చివర చీలిస్తే లోపల లేత గులాబీ రంగు పురుగు కదులుతుంటుంది. దాన్ని అక్కడే నలిపెయ్యాలి, గట్టు మీద పారేస్తే మళ్ళీ మడిలోకే వస్తుంది. ఈ పనికి కూలోళ్ళను పెడితే గిట్టదు, మన కళ్ళే కావాలి. కాయ కొంత పుచ్చుతుంది, దిగుబడి తగ్గుతుంది. అయినా ఇదే సరైన పద్ధతని నమ్ముతున్నాను.

గాలి మాత్రం నా చేతిలో లేదు. పక్క చేలో మిరపకు మందు కొట్టిన పూట తుంపర మా గోంగూర మీద పడుతుంది. ఆ చేను బాబాయితో మాట్లాడాను. గాలి మా వైపు వీచే పూట కొట్టనన్నాడు, కొట్టే ముందు ఫోన్ చేస్తానన్నాడు. తుంపరకు అడ్డంగా ఈసారి తొలకరికి హద్దు వెంబడి నాలుగు సాళ్ళు జొన్న వెయ్యబోతున్నాం. విత్తనం ఆయనది, దున్నకం మాది.