చేపల పులుసూ, ఓ ఫ్రెంచి సీసా

మన ఊళ్ళల్లో "వైన్స్" అని బోర్డున్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అందుకే ప్రాజెక్టు పని మీద ఫ్రాన్సులోని నాంత్ వెళ్ళి ఆర్నెల్లు ఉండేదాకా, వైనంటే ఎర్రగా ఉండే ఖరీదైన వ్యవహారమనే అనుకునేవాణ్ణి.

అక్కడ పరిచయమైంది ముస్కాదే. ఆ ఊరి చుట్టుపక్కల తోటల్లో చేసే తెల్ల వైన్. సూపర్‌మార్కెట్లో ఐదారు యూరోలు. ఆల్కహాలు 12 శాతం, తీపి అస్సలుండదు, నిమ్మకాయ పిండినట్టు పులుపు, వెనకాల కాస్త ఉప్పదనం. పులిసాక అడుగున దిగిన ఈస్టు మడ్డి మీదే చలికాలమంతా ఉంచి, ఆ తర్వాత సీసాల్లో పోస్తారు. అక్కడివాళ్ళు పచ్చి ఆయిస్టర్లతో తాగుతారు. నేను కారం తగ్గించిన చేపల వేపుడుతో మొదలెట్టా. ముక్క కొరికి ఓ గుక్క... భలే కుదిరింది! మన నెల్లూరు పులుసుతో మాత్రం ఓడిపోయింది పాపం. చింతపండు ముందు ద్రాక్ష పులుపు ఉత్త నీళ్ళే :)

వచ్చేటప్పుడు రెండు సీసాలు తెచ్చా. ఒకటి రూమ్మేట్లతో అయిపోయింది. రెండోది ఆత్మకూరులో మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టా. అమ్మ సోమశిల చేప తెప్పించి పులుసూ వేపుడూ చేస్తోంది. అమ్మమ్మ సీసా చూసింది.

అమ్మమ్మది ఉదయగిరి పక్క పల్లె. తాతయ్య కూలి డబ్బులన్నీ సారా కొట్టుకే పోయేవి. అక్షరదీపం రాత్రిబడి చదువులు మొదలయ్యాక, కలిగిరి దగ్గర దూబగుంటలో రోశమ్మా మిగతా ఆడవాళ్ళూ సారా కొట్టు మూయించారు కదా. ఆ ఊపులో 1992లో సారా వేలంపాటలు ఆపడానికి వెళ్ళినవాళ్ళలో ఈవిడా ఉంది. 1993 ఏప్రిల్లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా పోయింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆపేశారు. 1997లో మళ్ళీ వదిలారు. నేను పుట్టిందీ ఆ ఏడే. "బ్రాందీ తిరిగొచ్చిన ఏడు పుట్టినోడు" అని నాకో బిరుదు.

"ఏందబ్బయా అది?"

"వైన్ అమ్మమ్మా. తాగుడు కాదు, తిండితోపాటు ఓ గ్లాసుడు, అంతే."

"ఎంత?"

"ఆరొందలు."

"రెండ్రోజుల ఉపాధి కూలి." కాసేపాగి అడిగింది. "తిండితో అంటివే, ముందు అయిపోయేది తిండా, సీసానా?"

వారానికి ఒక్క సీసా దాటలేదని చెప్పబోయి ఆగిపోయా. చివరి రెండు నెలల్లో వారానికి రెండయ్యాయి. తిండి ఒక పూటదే. ఆ లెక్క వేసుకోవడం అదే మొదటిసారి.

సీసా తీసి పెట్టెలో బట్టల కింద పెట్టేశా. ఉదయగిరి కొయ్యగరిటెతో పులుసు వడ్డిస్తూ, అమ్మమ్మ చేప తల నా పళ్ళెంలోనే వేసింది.