దైవానికి దుఃఖమున్నదా?

నిరుడు ఒక ప్రదోషపూజానంతరం, నూతన పుత్రశోకంలో ఉన్న ఒక తల్లి గర్భాలయ ద్వారం చెంత నిలిచి, “పంతులుగారూ, నా ఏడుపు చూస్తే స్వామికి బాధ కలుగుతుందా?” అని అడిగింది. శాస్త్రపాఠం చెప్పుకొన్నవాడను గనుక, “అమ్మా, పరమేశ్వరుడు నిర్వికారుడు, హర్షశోకాలు ఆయనను అంటవు” అన్నాను. ఆమె తీర్థం పుచ్చుకొనకుండానే వెళ్ళిపోయింది. నా ఉత్తరంలో శాస్త్రదోషం లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ మథనంలో ఉండగా మా అబ్బాయి ఒక యూదు పండితుని గ్రంథం తెచ్చి, సాయంకాలాలు చదివి అర్థం చెప్పసాగాడు. 1907లో వార్సాలో జన్మించిన అబ్రహాం జాషువా హెషెల్ హీబ్రూ ప్రవక్తలపై రచించిన గ్రంథమది. 1936లో జర్మను భాషలోను, విస్తృతరూపంలో 1962లో ఆంగ్లంలోను వెలువడింది. ప్రవక్త అనగానే భవిష్యత్తు చెప్పేవాడని నేననుకొనేవాడను. హెషెల్ మతంలో ప్రవక్త దైవహృదయంతో సహానుభూతి పొందినవాడు. ఆయన ఈశ్వరునిలో లయించడు. వేరుగానే నిలిచి ఈశ్వరుని వేదనను తన వేదనగా మోస్తాడు. హోషేయ ప్రవక్త తనను విడిచిపోయిన భార్యను మరల స్వీకరించి, తన ప్రజల విషయంలో దైవం పడే బాధను గృహంలోనే అనుభవించాడు. యిర్మీయా గ్రంథంలో కొన్ని విలాపాలు దైవానివో ప్రవక్తవో నిర్ణయించడం పండితులకే కష్టమట. ఈ మాట వద్ద మా అబ్బాయిని ఆపి, మరల చదివించుకొన్నాను.

ఆమోసు వృత్తాంతం మాత్రం నాకు ములుకులా తగిలింది. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో, తెకోవ గ్రామపు పశువుల కాపరి ఒకడు బేతేలు ఆలయానికి వచ్చి, దరిద్రులను అణచివేసేవారి ఉత్సవాలు, బలులు దైవానికి అసహ్యమని ఘోషించాడు. అతణ్ణి వెళ్ళిపొమ్మన్నది ఎవరు? ఆ ఆలయ అర్చకుడు అమజ్యా. ముప్పదియేండ్లుగా అర్చకత్వం చేస్తున్న నాకు ఇది విని మాట రాలేదు. (యిర్మీయా కూడా అర్చకవంశీయుడే అని మావాడు ఓదార్చాడు.)

అయితే యూదులందరూ దైవానికి భావోద్వేగాలున్నవని అంగీకరించలేదు. 1204లో ఈజిప్టులో పరమపదించిన మైమోనిడీస్ దైవంలో కోపకరుణాది వికారాలను నిర్ద్వంద్వంగా నిరాకరించాడు. మనుష్యుడు దయచేత చేసే పనివంటిది సృష్టిలో కనబడితే దైవాన్ని దయాళువంటాం. అది క్రియకు పేరే గాని స్వరూపంలో మార్పు కాదంటాడు. అది వింటూంటే మా గురువుగారి పాఠమే జ్ఞప్తికి వచ్చింది. విచిత్రమేమంటే, 1935లో మైమోనిడీస్ జీవితచరిత్ర రచించినవాడు కూడా హెషెలే! ఆయన వాదం తెలియక కాదు, తెలిసియే వేరుదారి పట్టాడు. దైవవేదన స్వరూపవికారం కాదు, మానవునితో దైవం స్వేచ్ఛగా పెట్టుకొన్న సంబంధమని ఆయన సమాధానం. ఆయన తల్లి, సోదరీమణులు నాజీల కాలంలో మరణించారు. అదే కాలంలో వార్సా ఘెట్టోలో కలోనిమస్ కల్మాన్ షపీరా అనే గురువు, దైవం అంతర్మందిరంలో రహస్యంగా రోదిస్తాడన్న తల్మూదు భావాన్ని ఆర్తులకు బోధించాడు. ఆయన 1943లో హతుడయ్యాడు. భూమిలో దాచిన ఆయన ప్రవచనాలు యుద్ధానంతరం లభించాయి.

నా సిద్ధాంతం నేను విడువలేదు. నిర్వికారతత్త్వంపై నాకు సందేహం లేదు. కాని సిద్ధాంతం చెప్పవలసిన వేళ అది కాదేమో, ద్వారం వద్ద నిలిచిన తల్లిని ముందు కూర్చోమనవలసి ఉండెనేమో.

మొన్న మాసశివరాత్రికి ఆమె మరల వచ్చింది. ఏమీ అడుగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. తీర్థం పోస్తూంటే నా చేయి కొంచెం వణికింది. ఆమె రెండు చేతులా పట్టుకొని త్రాగింది.